రెండు వరుసల మరమ్మతు.. చేరవలసిన దూరమే ఎక్కువ

లైనక్స్ కెర్నెల్‌లోని ఒక లోపాన్ని ఆసరాగా చేసుకుని దాడులు జరుగుతున్నాయని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ ‘సిసా’ 2025 జూన్ 17న హెచ్చరించింది. ఫెడరల్ శాఖలు తమ యంత్రాలను జులై 8లోగా సరిచేసుకోవాలని గడువు విధించింది. సీవీఈ-2023-0386గా నమోదైన ఆ లోపం ‘ఓవర్‌లే ఎఫ్ఎస్’ అనే ఫైల్ వ్యవస్థకు చెందినది. పరిమిత హక్కులున్న సాధారణ వినియోగదారుడు యంత్రంపై సర్వాధికారాలు చేజిక్కించుకునేందుకు అది దారి ఇస్తుంది. హెచ్చరికలో కొత్త సంగతి దాడుల గురించి మాత్రమే. లోపం పాతది, దానికి చేసిన మరమ్మతు కూడా పాతదే. కెర్నెల్ నిర్వాహకులు 2023 ఆరంభంలోనే దాన్ని సరిదిద్ది, సవరించిన కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచారు.

సరిదిద్దిన లోపం రెండేళ్ల తర్వాత దుండగులకు ఎలా పనికొచ్చిందన్నది సహజంగా తలెత్తే ప్రశ్న. దానికి జవాబు కొంతవరకు మాటలోనే ఉంది. తెలుగులో మరమ్మతు అయిందంటే వస్తువు బాగైందని అర్థం. చేతిపంపు మరమ్మతు అయిందంటే ఆ ఊరికి నీళ్లు వస్తాయి. సాఫ్ట్‌వేర్ రంగంలో అదే మాట వేరే పనిని సూచిస్తుంది. అక్కడ మరమ్మతు అయిందంటే మూలప్రతిలో తప్పు దిద్దారని మాత్రమే. ఆ మూలం నుంచి తయారై కోట్లాది యంత్రాల్లో నడుస్తున్న ప్రతుల్లో తప్పు ఎప్పటిలాగే ఉంటుంది. ప్రతి యంత్రమూ సవరించిన ప్రతిని విడిగా తెచ్చుకోవాలి, దానితో మళ్లీ మొదలు కావాలి. వార్తల్లో ‘లోపాన్ని సరిదిద్దారు’ అనే వాక్యం మొదటి పనికే వాడుతుండగా, పాఠకులు రెండోది కూడా జరిగిపోయిందని అనుకోవడం పరిపాటి.

ఓవర్‌లే ఎఫ్ఎస్ అనేది ఫైళ్లను పొరలు పొరలుగా చూపే ఏర్పాటు. కింది పొర చదవడానికి మాత్రమే పనికొస్తుంది, మార్పులన్నీ పై పొరలో జరుగుతాయి. కింది ఫైలును మార్చవలసి వస్తే కెర్నెల్ ముందుగా దాని నకలును పై పొరలోకి తెస్తుంది. క్లౌడ్ సేవల్లో వాడే కంటైనర్లు చాలావరకు ఈ పద్ధతి మీదే నడుస్తున్నాయి. నకలు తెచ్చేటప్పుడు ఆ ఫైలు యజమాని గుర్తింపు అక్కడ చెల్లుతుందో లేదో చూడకపోవడమే 2023లో బయటపడిన తప్పు. గుర్తింపు చెల్లకపోతే నకలును నిరాకరించాలన్న నిబంధన చేర్చడంతో దిద్దుబాటు ముగిసింది. దానికి కొద్దిపాటి కోడ్ సరిపోయింది.

ఇలాంటి మరమ్మతు పుట్టుక నుంచి యంత్రానికి చేరేవరకు ఏం జరుగుతుందో తేదీలతో సహా తెలిసిన ఉదంతం ఒకటుంది. 2022లో ‘డర్టీ పైప్’ పేరుతో ప్రపంచానికి తెలిసిన లోపం అది. కనుగొన్న వ్యక్తే తన అన్వేషణను మొదటి నుంచి చివరి వరకు రాసి ప్రచురించడం వల్ల, సాధారణంగా తెర వెనుకే ఉండిపోయే వివరాలు అందులో దొరుకుతాయి.

తెరుచుకోని ఫైలు

2021 ఏప్రిల్ 29న జర్మనీలోని ఒక వెబ్ హోస్టింగ్ సంస్థకు ఖాతాదారు నుంచి ఫిర్యాదు అందింది. తమ వెబ్‌సైట్‌ను ఎవరెవరు సందర్శించారో తెలిపే నమోదు ఫైలును డౌన్‌లోడ్ చేసుకుంటే అది విప్పుకోవడం లేదన్నది ఫిర్యాదు. అక్కడి ప్రోగ్రామర్ మాక్స్ కెల్లర్‌మన్ పరిశీలించగా లోపలి సమాచారం చెక్కుచెదరలేదని తేలింది. కుదించిన ఫైలు చివర ఉండే తనిఖీ సంఖ్య మాత్రం తప్పింది. ఆయన దాన్ని చేత్తో సరిచేసి, ఫిర్యాదును ముగించారు. కొన్ని నెలల తర్వాత అదే ఫిర్యాదు మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ఇంకోసారి, మరోసారి.

ఇక్కడితో చాలామంది డిస్కు పాతబడిందనో, మెమరీ చిప్ పాడైందనో తీర్మానించి ఊరుకునేవారు. కెల్లర్‌మన్ పాత ఫైళ్లన్నింటినీ తనిఖీ చేశారు. మూడు నెలల కాలంలో 37 ఫైళ్లు దెబ్బతిన్నట్లు తేలింది. వాటిని తేదీల వారీగా పేర్చి చూస్తే ఎక్కువ భాగం నెలలో చివరి రోజువే. చిప్ పాడైతే దానికి క్యాలెండర్ తెలియదు. పైగా దెబ్బతిన్న ప్రతి ఫైలులోనూ చివరి 8 బైట్లే మారాయి, అన్నింటిలోనూ అవే 8 బైట్లు చేరాయి. వాటిలో మొదటి రెండూ ‘పీ’, ‘కే’ అనే ఆంగ్ల అక్షరాలు. జిప్ పద్ధతి రూపకర్త ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు అవి. జిప్ ఫైలు చివరి భాగంలో వచ్చే విషయసూచిక ఆ అక్షరాలతోనే మొదలవుతుంది.

ఆ సంస్థలో ఖాతాదారు నెల మొత్తం నమోదులను ఒకేసారి అడిగితే, సర్వర్ రోజువారీ ఫైళ్లను వరుసగా పంపి, అన్నిటికీ చివర జిప్ విషయసూచికను జోడించేది. నెలలో చివరి రోజు ఫైలు వెంటనే సూచిక వెళుతుంది. పంపే దారిలో ముందు వెళ్లిన ఫైలు తోకను, వెనుక వస్తున్న సూచిక తల చెరిపేస్తోందన్నమాట. చిక్కు ఏమిటంటే, జిప్ తయారుచేసే ప్రోగ్రాముకు నమోదు ఫైళ్లను చదివే హక్కే తప్ప రాసే హక్కు లేదు. హక్కు లేనివారి రాత ఫైలులో పడకుండా చూడటమే కెర్నెల్ చేయవలసిన తొలి పని. రోజువారీ ఫైళ్లను అదే విధంగా తయారుచేస్తూ, ఖాతాదారులకు జిప్‌లు పంపని రెండో సర్వర్‌లో ఒక్క ఫైలూ చెడలేదు.

కెర్నెల్‌ను నిందించడం ప్రోగ్రామర్లలో మర్యాదగా భావించరు. తప్పు తన కోడ్‌లో ఉండి నెపం కెర్నెల్ మీదకు నెట్టేవారే ఎక్కువ కనుక ఆ సంకోచంలో న్యాయం ఉంది. కెల్లర్‌మన్ అన్ని దారులూ మూసుకుపోయాకే అటు చూశారు. రెండు చిన్న ప్రోగ్రాములు రాశారు. మొదటిది ఒక ఫైలులో ‘ఎ’ అనే అక్షరాన్ని పదే పదే రాస్తుంది. రెండోది ఆ ఫైలులోని సమాచారాన్ని పైపులోకి మళ్లించి, వెనువెంటనే అదే పైపులో ‘బి’ అక్షరాలు రాస్తుంది. ఆ ‘బి’లు పైపులోనే ఉండాలి, ఫైలును తాకకూడదు. కానీ ఫైలు తెరిస్తే లోపల ‘బి’లు కనిపించాయి. అప్పటికి తేదీ 2022 ఫిబ్రవరి 19. తొలి ఫిర్యాదు వచ్చి దాదాపు పది నెలలు.

బల్ల మీది నకలు

జరిగింది అర్థం కావాలంటే ఫైళ్లను కెర్నెల్ ఎలా చూస్తుందో కొంచెం తెలియాలి. డిస్కు నుంచి చదవడం నెమ్మదైన పని. అందుకే ఒకసారి చదివిన ఫైలు ముక్కలను కెర్నెల్ మెమరీలో అట్టే పెట్టుకుంటుంది. దీన్ని పేజ్ క్యాష్ అంటారు. ఒక్కో ముక్క సాధారణంగా 4,096 బైట్లు. రికార్డు గదిలో అసలు దస్తావేజు భద్రంగా ఉంటే, గుమాస్తా బల్ల మీద దాని నకలు ఉండటం లాంటిది. వచ్చినవారందరికీ గుమాస్తా చూపేది నకలునే.

పైపు అనేది ఒక ప్రోగ్రాము నుంచి మరో ప్రోగ్రాముకు సమాచారం పారించే గొట్టం. మామూలుగా దానిలోకి చేరే సమాచారాన్ని కెర్నెల్ నకలు తీస్తుంది. శ్రమ తగ్గించేందుకు ‘స్ప్లైస్’ అనే పద్ధతి ఉంది. అందులో కొత్త నకలేమీ తీయరు. బల్ల మీది కాగితాన్నే చూసుకోమని పైపుకు చూపిస్తారు. అలా చూపిన కాగితం మీద పైపు వాడుకదారు ఏమీ రాయకూడదు. ఏ కాగితం చివర మరికొంత రాయవచ్చో, దేని మీద రాయకూడదో తెలిపేందుకు పైపులోని ప్రతి అరకూ ఒక చీటీ ఉంటుంది. కోడ్ భాషలో దాని పేరు ఫ్లాగ్. అర ఖాళీ అయి కొత్త కాగితం వచ్చినప్పుడు పాత చీటీని తీసేయాలి. ఆ తీసేయడం రెండు చోట్ల జరగలేదు. అంతే లోపం. అంతకుముందు ఆ అరలో ఉన్న సరుకు తాలూకు ‘రాయవచ్చు’ అనే చీటీ మిగిలిపోయి, బల్ల మీది నకలుపై ఎవరైనా రాసే వీలు కలిగింది.

ఈ మరపు 2016లో లైనక్స్ 4.9తో వచ్చిన మార్పుల్లో జరిగింది. అప్పట్లో దానివల్ల ఏ కీడూ లేదు. ‘రాయవచ్చు’ అనే చీటీ అప్పటికి పుట్టనే లేదు మరి. 2020లో 5.8 కోసం పైపు కోడ్‌ను చక్కదిద్దుతూ, పాత పద్ధతికి బదులు ఆ చీటీని ప్రవేశపెట్టారు. ఆ మార్పు దానంతట అది తప్పు కాదు. నీళ్లు లేని చెరువు కట్టలో ఎలుక బొరియ ఉంటే ఎవరికీ పట్టదు. నాలుగేళ్ల తర్వాత నీరు చేరినప్పుడే అది గండిగా మారుతుంది. రెండు మార్పులూ సమీక్షకుల కళ్ల ముందు నుంచి వెళ్లినవే. ఏ ఒక్కదాన్ని విడిగా చూసినా ప్రమాదం కనిపించదు.

దాడి చేసేవారికి ఇది ఎంత అనుకూలమో కెల్లర్‌మన్‌కు వెంటనే అర్థమైంది. ఫైలును చదివే హక్కు ఉంటే చాలు, మార్చేయవచ్చు. రాయడానికి వీల్లేని సీడీలోని ఫైలు సైతం మెమరీలో మారిపోతుంది. యంత్రంలోని ఖాతాల పట్టికను అందరూ చదవగలరు కనుక, అందులో ప్రధాన నిర్వాహకుడి సంకేతపదం ఉండే చోటును మార్చి సర్వాధికారాలు పొందవచ్చు. కొన్ని పరిమితులు లేకపోలేదు. ఫైలు పరిమాణం పెరగదు. మెమరీ పుట సరిహద్దులోని మొదటి బైటును తాకలేరు, ఒక పుట దాటి రాయలేరు. దొంగకు ఇవి అడ్డంకులు కావు. పైగా కెర్నెల్ దృష్టిలో నకలు మారనే లేదు కనుక ఆ మార్పును డిస్కులోకి రాయదు. అధికారాలు దక్కించుకున్నాక యంత్రాన్ని తిరిగి ప్రారంభిస్తే బల్ల మీది నకలు పోయి, రికార్డు గదిలోని అసలు ప్రతి మళ్లీ వస్తుంది. డిస్కును మాత్రమే పరిశీలించే దర్యాప్తు అధికారికి అక్కడ ఏమీ దొరకదు.

మూడు రోజులు, పన్నెండు రోజులు

దిద్దుబాటు రెండు వరుసల కోడ్. రెండు చోట్ల ఫ్లాగ్ విలువను సున్నా చేయమని రాశారు. అప్పటికే మూడు కోట్లకు చేరువైన కెర్నెల్ కోడ్‌లో అవి రెండు వరుసలు. ఫిబ్రవరి 20న లోపం వివరాలు, దాడి నమూనా, సవరణ కెర్నెల్ భద్రతా బృందానికి చేరాయి. మర్నాడు గూగుల్ పిక్సెల్ 6 ఫోన్‌లోనూ లోపం రుజువు కావడంతో ఆండ్రాయిడ్ బృందానికీ తెలియజేశారు. అదే రోజు లైనస్ టోర్వాల్డ్స్, విల్లీ తారో, ఆల్ వీరోల సూచన మేరకు సవరణను బహిరంగ వేదికకు పంపారు. భద్రతకు సంబంధించినదన్న మాట అందులో లేదు. ఫిబ్రవరి 23న 5.16.11, 5.15.25, 5.10.102 సంచికలు సవరణతో విడుదలయ్యాయి. మర్నాడు గూగుల్ దాన్ని ఆండ్రాయిడ్ కెర్నెల్‌లో కలిపింది. కనుగొనడానికి పది నెలలు పట్టిన తప్పును దిద్దడానికి మూడు రోజులు పట్టింది.

తర్వాతి అంకం మీదే వాదోపవాదాలున్నాయి. ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్ వంటి పంపిణీ సంస్థల ఉమ్మడి భద్రతా వేదికకు సమాచారం ఫిబ్రవరి 28న అందింది. ప్రజలకు మార్చి 7న వెల్లడించారు. అంటే సవరణ విడుదలయ్యాక పన్నెండు రోజులపాటు ఆ రెండు వరుసలు అందరి కళ్ల ముందూ ఉన్నాయి, వాటి అర్థం మాత్రం కొద్దిమందికే తెలుసు. లైనక్స్ కోడ్ బహిరంగం కనుక రహస్యంగా దిద్దడం కుదరదు. భద్రతా లోపమని రాసి దిద్దితే అదే రోజు దాడి నమూనాలు పుడతాయి. రాయకుండా దిద్దితే, వేల మార్పుల్లో ఇది ముఖ్యమైనదని పంపిణీ సంస్థలకు తెలియక ఆలస్యం చేస్తాయి. కెర్నెల్ నిర్వాహకులు చిరకాలంగా రెండో దారినే ఎంచుకున్నారు. వారి వాదన ఒకటుంది. కెర్నెల్‌లో ఏ తప్పు రేపు ఆయుధమవుతుందో ముందుగా చెప్పలేం, కనుక కొన్నింటిని ఏరుకోకుండా సవరణలన్నీ తీసుకోవడమే క్షేమమని వారంటారు. డర్టీ పైప్ పుట్టుకే ఆ వాదనకు సాక్ష్యం. 2016 నాటి మరపును ఆనాడే ఎవరైనా గమనించి ఉంటే దాన్ని భద్రతా లోపంగా లెక్కించేవారు కాదు.

2024 ఫిబ్రవరిలో లైనక్స్ కెర్నెల్ బృందం తన లోపాలకు సీవీఈ సంఖ్యలను తానే కేటాయించే అధికారం పొందింది. భద్రతకు కాస్తయినా సంబంధం ఉండవచ్చనిపించే ప్రతి సవరణకూ సంఖ్య ఇవ్వడంతో అవి ఏడాదికి వేలల్లోకి చేరాయి. ప్రతి సంఖ్యకూ సంజాయిషీ ఇవ్వవలసిన కార్పొరేట్ భద్రతా విభాగాలు దీనిపై గగ్గోలు పెట్టాయి. గగ్గోలు అర్థం చేసుకోదగినదే గానీ, ఏరుకునే అలవాటు మాన్పించడానికి ఇంతకంటే సూటి మార్గం కనిపించదు.

ఫైల్ వ్యవస్థల్లో మరో రకం మరమ్మతు కూడా ఉంది. చూసుకునేవారు లేని పాత కోడ్‌ను తొలగించడం. ఒకప్పుడు పేరున్న రైజర్ ఎఫ్ఎస్‌ను 2022లో కాలం చెల్లినదిగా ప్రకటించి, 2025 జనవరిలో వచ్చిన 6.13 సంచికలో పూర్తిగా తీసేశారు.

భారతీయ ఫోన్లు, పాత గాయం

గూగుల్ 2022 ఫిబ్రవరి 24న కెర్నెల్‌లో కలిపిన సవరణ, అదే గూగుల్ తయారీ అయిన పిక్సెల్ 6 వినియోగదారుల చేతికి మే నెల భద్రతా అప్‌డేట్‌తో అందింది. సొంత ఇంటిలోనే రెండు నెలలకు పైగా. మధ్యలో ఏప్రిల్ చివరి వారంలో సిసా ఈ లోపాన్ని దాడుల్లో వాడుతున్న వాటి జాబితాలో చేర్చి, ఫెడరల్ శాఖలకు మూడు వారాల గడువు ఇచ్చింది. ఇతర తయారీదారుల విషయంలో దారి ఇంకా పొడవు. కెర్నెల్ నిర్వాహకులు, గూగుల్, చిప్ తయారీ సంస్థ, ఫోన్ సంస్థ, కొన్ని దేశాల్లో టెలికం సంస్థ, చివరికి వినియోగదారుడు. వీరిలో ఏ ఒక్కరు ఆగినా సవరణ ఆగిపోతుంది.

ఈసారి అదృష్టం కలిసొచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్లు సాధారణంగా విడుదలైననాటి కెర్నెల్ తరంతోనే చివరి వరకు నడుస్తాయి. 5.8 లేదా ఆ తర్వాతి కెర్నెల్ ఉన్న ఫోన్లు 2022 మార్చి నాటికి పిక్సెల్ 6, గెలాక్సీ ఎస్22 వంటి సరికొత్త ఖరీదైన నమూనాలే. దేశంలోని ఫోన్లలో అత్యధికం పాత తరం కెర్నెల్‌వి కనుక లోపం వాటిని తాకలేదు. కొత్తవి కొన్నవారికి ప్రమాదం, పాతవి వాడుతున్నవారికి రక్షణ. ఇది తరచుగా జరిగే సంగతి కాదు.

దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగిన ఉదంతం ‘డర్టీ కౌ’. డర్టీ పైప్‌కు ఆ పేరు పెట్టింది దీన్ని గుర్తుచేస్తూనే. ఫైలు ముక్కలను మెమరీలో నకలు తీసే ప్రక్రియలో రెండు పనులు ఒకదానితో ఒకటి పోటీపడటం వల్ల, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలుపై రాత పడే లోపం అది. 2007 నాటి 2.6.22 నుంచి కెర్నెల్‌లో ఉంది. ఫిల్ ఓస్టర్ అనే నిపుణుడు తన సర్వర్‌పై జరిగిన దాడి తాలూకు నెట్‌వర్క్ నమోదులను తవ్వి 2016 అక్టోబరులో దాన్ని వెలికితీశారు. అంటే మంచివారికంటే ముందే దొంగలకు తెలుసు. టోర్వాల్డ్స్ 2005లోనే దీన్ని దిద్దే ప్రయత్నం చేశారు. అయితే ఐబీఎం పెద్ద యంత్రాల్లో ఆ సవరణ వేరే ఇబ్బంది తేవడంతో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2016లో చేసిన మరమ్మతు సైతం అసంపూర్ణమేనని, పెద్ద మెమరీ పుటల విషయంలో కొత్త సందు మిగిలిందని 2017 నవంబరులో తేలింది.

సవరణ వెలువడి ఏడాది గడవబోతుండగా, 2017 సెప్టెంబరులో ట్రెండ్ మైక్రో సంస్థ ఒక ఆండ్రాయిడ్ మాల్‌వేర్‌ను బయటపెట్టింది. జెడ్ఎన్ఐయూ అనే ఆ మాల్‌వేర్ డర్టీ కౌ సాయంతో ఫోన్‌పై సర్వాధికారాలు పొందుతుంది. అశ్లీల చిత్రాలు, ఆటల పేరుతో 1,200కు పైగా యాప్‌లలో అది దాగి ఉంది. 40కి పైగా దేశాల్లో 5,000 మందికి పైగా వినియోగదారుల ఫోన్లలో కనిపించింది. బాధితుల్లో అత్యధికులు చైనా, భారత్‌లలో ఉన్నారని ఆ సంస్థ తెలిపింది. చైనాలో అది ఎస్ఎంఎస్ చెల్లింపుల ద్వారా సొమ్ము కాజేసేది. ఇక్కడి ఫోన్లలో అలాంటి చెల్లింపు ఏర్పాటు లేకపోవడంతో దొంగదారిని మాత్రం తెరిచి ఉంచి వెళ్లేది. ఆ దారి గుండా తర్వాత ఎవరు రావచ్చన్నది వేరే ప్రశ్న. సవరణ అప్పటికే ఉంది. ఆ ఫోన్లకు అది చేరలేదు.

2017 నుంచి పరిస్థితి మారింది, రెండు వైపులా. దేశంలో పది స్మార్ట్‌ఫోన్లలో తొమ్మిదికి పైగా ఆండ్రాయిడ్‌వే. యూపీఐ చెల్లింపులు, ఆధార్ ఆధారిత సేవలు, రేషన్, పింఛను సమాచారం అన్నీ ఇప్పుడు ఆ ఫోన్‌లోనే. మరోవైపు పిక్సెల్ 8, గెలాక్సీ ఎస్24లతో మొదలై ఖరీదైన నమూనాలకు ఏడేళ్లపాటు అప్‌డేట్లు ఇస్తామని తయారీదారులు హామీ ఇస్తున్నారు. పది వేల రూపాయల లోపు ఫోన్లకు ఆ హామీ వర్తించదు. కొనేటప్పుడు కెమెరా మెగాపిక్సెళ్లు పెట్టె మీదే కనిపిస్తాయి. భద్రతా సవరణలు ఏ సంవత్సరం వరకు వస్తాయన్నది దుకాణంలో అడిగినా చెప్పగలవారు తక్కువ.

సర్వర్ గదిలో సందేహం

ఫోన్ వినియోగదారుడికి సవరణ అందదు. సర్వర్ నిర్వాహకుడికి అందుతుంది, కానీ వేసుకోడు. ఓవర్‌లే ఎఫ్ఎస్ ఉదంతం ఈ రెండో కోవది. కెర్నెల్ మారాలంటే సాధారణంగా యంత్రాన్ని ఆపి మళ్లీ ప్రారంభించాలి. ఆసుపత్రి, బ్యాంకు, విద్యుత్ పంపిణీ సంస్థల సర్వర్లను ఆపడానికి అర్ధరాత్రి అనుమతులు కావాలి. ఆపినది మళ్లీ లేస్తుందో లేదోనన్న భయం ఎలాగూ ఉంటుంది. సవరణ వేసిన మర్నాడు సేవ నిలిచిపోతే నిర్వాహకుడిని నిలదీస్తారు. వేయని కారణంగా రెండేళ్ల తర్వాత చొరబాటు జరిగితే అప్పటికి ఆయన బదిలీ అయి ఉంటాడు. ఆలస్యం చేయడమే తెలివైన పని అనిపించేలా ఈ లెక్క ఉంది. యంత్రం ఆపకుండానే సవరణ వేసే ఏర్పాటు 2015లో లైనక్స్ 4.0లోనే వచ్చింది. వాణిజ్య పంపిణీ సంస్థలు దాన్ని ఎక్కువగా చందా సేవగా అమ్ముతున్నాయి. ఆ చందా బడ్జెట్‌లో కోతకు తేలిగ్గా గురయ్యే పద్దు.

పాత కెర్నెల్ సంచికలకు సవరణలు తయారుచేసేవారూ అలసిపోతున్నారు. దీర్ఘకాల సంచికల నిర్వహణను ఆరేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించే నిర్ణయం 2023 సెప్టెంబరులో వెల్లడైంది. పాతవి వాడేవారు తక్కువన్నది ఒక కారణం, నిర్వాహకులపై పడుతున్న భారం మరో కారణం. పదేళ్లపాటు నడిచే ఏటీఎం, టోల్‌గేట్, సీసీ కెమెరా రికార్డర్ల లోపల ఏ సంచిక ఉందో, దాన్ని ఇంకా ఎవరు చూసుకుంటున్నారో కొనుగోలు చేసినవారికే తెలియని స్థితి ఉంది.

చట్టాలు ఈ దూరాన్ని ఇప్పుడిప్పుడే పట్టించుకుంటున్నాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి స్మార్ట్ పరికరాల తయారీదారులు కనీసం ఎంతకాలం భద్రతా సవరణలు ఇస్తారో ప్రకటించడం తప్పనిసరి. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుంచి కొత్తగా విపణిలోకి వచ్చే ఫోన్లకు, ఆ నమూనా అమ్మకాలు ముగిశాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందించాలి. సైబర్ దృఢత్వ చట్టం కింద ఇతర డిజిటల్ ఉత్పత్తులకూ ఇలాంటి బాధ్యత 2027 డిసెంబరు నుంచి పూర్తిగా అమల్లోకి వస్తుంది. అమెరికాలో సిసా ఆదేశం 2021 నవంబరు నుంచి ఉంది. అది ప్రైవేటు సంస్థలను కట్టడి చేయకపోయినా, ఏ లోపాన్ని ఏ తేదీలోగా దిద్దాలో బహిరంగంగా చెబుతుంది.

భారత్‌లో కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ కింద పనిచేసే సెర్ట్-ఇన్ లోపాలపై హెచ్చరికలు జారీ చేస్తూనే ఉంది. డర్టీ పైప్ వెల్లడైన ఏడు వారాలకు, 2022 ఏప్రిల్ 28న ఆ సంస్థ ఇచ్చిన ఆదేశాలు దేశంలో సైబర్ భద్రతకు సంబంధించి అత్యంత చర్చనీయమయ్యాయి. ఘటనను ఆరు గంటల్లోగా నివేదించాలని, నమోదులను 180 రోజులు భద్రపరచాలని అవి నిర్దేశించాయి. రెండూ అవసరమైనవే. అయితే రెండూ దాడి జరిగిన తర్వాతి పనులు. దాడికి దారి ఇచ్చే తెలిసిన లోపాన్ని ఎన్ని రోజుల్లో దిద్దాలన్న గడువు ఆ ఆదేశాల్లో లేదు. ఆరు గంటల్లో నివేదించమని అడగగలిగిన వ్యవస్థ, రెండేళ్లుగా వేయని సవరణ గురించి అడగకపోవడం పొంతన కుదరని విషయం.

స్వదేశీ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటే ఈ బెడద తప్పుతుందన్న అభిప్రాయం అప్పుడప్పుడు వినిపిస్తుంది. సీ-డాక్ రూపొందించిన ‘బాస్’ డెబియన్ ఆధారంగా తయారైంది. రక్షణ మంత్రిత్వ శాఖ కంప్యూటర్ల కోసం సిద్ధం చేసినట్లు 2023 ఆగస్టులో వార్తల్లోకి వచ్చిన ‘మాయా’ ఉబుంటు ఆధారితం. విదేశీ సంస్థపై ఆధారపడకపోవడం, ఏముందో తెరిచి చూసుకోగలగడం వీటివల్ల కలిగే నిజమైన ప్రయోజనాలు. కెర్నెల్ మాత్రం అదే లైనక్స్. ఓవర్‌లే ఎఫ్ఎస్, పైపు, పేజ్ క్యాష్ అన్నీ అందులోవే. టోర్వాల్డ్స్ బృందం దిద్దిన రెండు వరుసలు ముందు డెబియన్‌కో ఉబుంటుకో చేరి, అక్కడి నుంచి ఇక్కడి బృందానికి వచ్చి, పరీక్షలు దాటి, ఆ తర్వాతే అధికారి బల్ల మీది కంప్యూటర్‌కు చేరాలి. మధ్యలో ఒక మజిలీ పెరిగింది. ఆ మజిలీలో సవరణ ఎన్ని రోజులు ఆగవచ్చన్నది ఒప్పంద పత్రంలో రాసుకోదగిన అంకె. డర్టీ పైప్ విషయంలో గూగుల్ వంటి సంస్థకు పట్టిన రెండు నెలలకు పైగా కాలాన్ని చూస్తే, రాయకుండా వదిలేసే అంకె కాదది.